ముట్టుకుంటే హోరెత్తే స్టీరియో

రెండు మంచి యంత్రాలు కలిసి ఒక ఇంట్లో పాట లేకుండా చేశాయి. నాలుగు చిన్న రెసిస్టర్లు ఆ పాటను తిరిగి తెచ్చాయి.

ఆ రాత్రి పదకొండు గంటలు కావస్తోంది. నిద్ర పట్టని మా నాన్నగారు మెల్లగా లేచి, ముందుగదిలోకి వెళ్ళి, దీపమైనా వెయ్యకుండా స్టీరియో ముందు కూర్చున్నారు. ఎవరికీ నిద్రాభంగం కలగకుండా బాలమురళీకృష్ణ పాడిన ఒక కీర్తన విందామని ఆయన కోరిక. వాల్యూమ్ నాబ్ సున్నా దగ్గర వుంది. వేలికొసతో కొంచెం కదిపారు. ఏమీ వినపడలేదు. మరికొంచెం కదిపారు. అప్పుడూ లేదు. మూడోసారి వెంట్రుకవాసి కదిపేసరికి ఇల్లు దద్దరిల్లింది.

పక్కింటి పసిపాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ కంగారుగా పరుగెత్తుకు వచ్చింది. నాన్నగారు వణికే చేత్తో స్విచ్చి ఆపారు. మర్నాడు పొద్దున్నే ఆయన పక్కింటికి వెళ్ళి, తన కంటే నలభై ఏళ్ళు చిన్నవాడైన ఆ ఇంటి యజమానికి క్షమాపణ చెప్పుకుని వచ్చారు. రాగానే బీరువాలోంచి ఒక పాత దుప్పటి తీసి ఆంప్లిఫయరు మీద కప్పారు. అయిదు నెలలపాటు ఆ దుప్పటిని ఎవరూ తియ్యలేదు.

ఆ అయిదు నెలలూ మేము ఒక పొరపాటు చేశాము. దోషం యంత్రంలో వున్నదన్నాము. అది కాదనిపించాక మనిషిలో వున్నదన్నాము. నిజానికి దోషం రెండింటిలోనూ లేదు. అది ఒక యంత్రాన్ని మరొక యంత్రంతో కలిపే తీగ దగ్గర వున్నది. మీ ఇంట్లో కూడా స్టీరియో నాబ్ ముట్టుకోగానే హోరెత్తుతూ వుంటే, దాన్ని పారెయ్యబోయే ముందు ఈ కథ చదవండి.

ఉక్కునగరంలో ఒక పెట్టె

మాది విజయనగరం జిల్లా. 1973లో నాన్నగారు రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా వెళ్ళే రైలెక్కి, ఒక ట్రంకు పెట్టెతో ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి వచ్చారు. అప్పటికి అది మధ్యప్రదేశ్‌లో భాగం. ప్రత్యేక రాష్ట్రమైనది 2000 నవంబరు 1న. సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మన దేశంలో రైళ్ళు పరుగెత్తే పట్టాలు ఎక్కువగా అక్కడివే. ఆ పట్టాల మీదుగానే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు అనేకులు ఆ ఊరికి వచ్చి స్థిరపడ్డారు. నాన్నగారు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేరారు. కొలిమి వేడినీ, గాలి పీడనాన్నీ, నీటి ప్రవాహాన్నీ కొలిచే పరికరాలను సరిచూడడం ఆయన పని. 2010లో పదవీ విరమణ చేసేదాకా అదే పని.

1984లో, నాకు నాలుగేళ్ళప్పుడు, ఆయన బోనసు డబ్బుతో ఒక స్టీరియో ఆంప్లిఫయరు, ఒక కేసెట్ డెక్కు, రెండు స్పీకర్లు కొన్నారు. సెక్టారులోని మా రెండు గదుల క్వార్టరులో అది చిన్న దేవతార్చన మందిరం వంటిది. తెల్లవారుజామున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన సుప్రభాతం, సాయంత్రం ఘంటసాల, ఆదివారం హిందుస్తానీ. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, మలయాళం వినిపించే వీధిలో మాకు తెలుగు సగం బడిలో కాక ఆ పెట్టెలోంచే వచ్చింది. నేను పెద్దదాన్నై ఇంగ్లీషు సాహిత్యం చదివి అనువాదాలు చేసి బ్రతుకుతున్నానంటే, తెలుగు మాట చెవిలో నిలవడానికి కారణం ఆ పెట్టేనని నా నమ్మకం.

పదవీ విరమణ తరువాత మేము నెహ్రూనగర్‌లోని చిన్న ఇంటికి మారాము. కేసెట్లు నాచు పట్టి పాడయ్యాయి. డెక్కు బెల్టు తెగిపోయింది. హైదరాబాదులో వుండే నా తమ్ముడు నాన్నగారి డెబ్బై అయిదో పుట్టినరోజుకు ఒక డిజిటల్ ప్లేయరు తెచ్చాడు. అరచేయి అంత పెట్టె. అందులో వేలకొద్దీ పాటలు. తీగతో దాన్ని పాత ఆంప్లిఫయరు వెనుక కేసెట్ డెక్కు వుండిన చోట తగిలించి, సంతోషంగా వెళ్ళిపోయాడు.

కష్టం అక్కడ మొదలైంది.

దోషి ఎవరు?

మొదట ఆంప్లిఫయరును అనుమానించాము. ఒక మెకానిక్కు వచ్చి చూసి, "నలభై ఏళ్ళ సరుకు, కొత్తది కొనండి" అన్నాడు. తమ్ముడు ఫోనులో అదే మాట అన్నాడు. అయితే నేను పాత రేడియో ట్యూనరును పక్క సాకెట్టులో తగిలించి చూస్తే, ఆంప్లిఫయరు చక్కగా, నెమ్మదిగా, నాబ్ తిప్పిన కొద్దీ పెరుగుతూ పాడింది. అది పాడైపోలేదన్నమాట.

తరువాత కొత్త ప్లేయరును అనుమానించాము. దాన్ని పక్కింటివారి కొత్త మ్యూజిక్ సిస్టముకు తగిలించాము. అక్కడ అదీ సలక్షణంగా పాడింది. అదీ పాడైపోలేదు.

ఇక మిగిలింది మనిషి. "ఆయనకు చెముడు వస్తోంది, అందుకే పెంచేస్తున్నారు" అన్నది అమ్మ. ఆ మాట నాన్నగారి ఎదుట అనలేదు. కాని చెవి తగ్గినవారి ఎదుట అనని మాటలు కూడా ఏదోవిధంగా వారికి చేరుతూనే వుంటాయి. ఆయన టీవీ చూడడం మానేశారు. ఇంటికి ఎవరైనా వస్తే లోపలిగదిలోకి వెళ్ళిపోయేవారు. బాలాజీ గుడిలో కచేరీ వున్నదని చెబితే, "ఎందుకులే తల్లీ, నాకు సరిగ్గా వినపడదు గదా" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

అప్పుడు నేను ఆయనను చెవి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాను.

చెవిలోనూ ఒక ఆంప్లిఫయరు

వైద్యుడు పరీక్షించి, వయసుతో వచ్చే వినికిడి లోపమేనని చెప్పారు. ఆయన వివరించిన సంగతి మాత్రం నాకు కొత్తది. మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం వుంది. అందులో రెండు రకాల రోమకణాలు వుంటాయి. లోపలి వరుసలో సుమారు 3,500 కణాలు ధ్వనిని మెదడుకు అందిస్తాయి. వెలుపలి వరుసలలో సుమారు 12,000 కణాలు వేరే పని చేస్తాయి. మెల్లని ధ్వనులు వచ్చినప్పుడు అవి తామే కదిలి ఆ ధ్వనులను పెద్దవి చేస్తాయి. అంటే ప్రకృతి మన చెవిలోనే ఒక ఆంప్లిఫయరును అమర్చిందన్నమాట. అది మెల్లని ధ్వనులను బాగా పెంచుతుంది. పెద్ద ధ్వనులను పెంచదు.

వయసు వల్లగాని, ఏళ్ళ తరబడి హోరులో గడపడం వల్లగాని ముందుగా దెబ్బ తినేవి ఈ వెలుపలి కణాలే. మనుషులలో అవి ఒకసారి పోతే తిరిగి పుట్టవు. అవి పోయినవారికి మెల్లని ధ్వని అసలు వినపడదు. కాని పెద్ద ధ్వని మాత్రం మనందరికీ వినపడినంత పెద్దగానే వినపడుతుంది. వినపడని దానికీ, భరించలేని దానికీ మధ్య మనకు విశాలమైన చోటు వుంటే, వారికి ఇరుకైన సందు మాత్రమే మిగులుతుంది. అందుకే పెద్దవాళ్ళు "కొంచెం గట్టిగా చెప్పు" అంటారు; గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావు?" అంటారు. ఈ రెండు మాటలూ నిజమే. మనం వాటిని చాదస్తమని అనుకుంటాము.

నాన్నగారికి కావలసింది పెద్ద ధ్వని కాదు. ఆ ఇరుకు సందులో సరిగ్గా ఇమిడే ధ్వని. అందుకు ఎంతో సున్నితంగా కదిలే నాబ్ కావాలి. మా స్టీరియో నాబ్ చూస్తే వెంట్రుకవాసిలో మౌనం నుంచి ఉరుము దాకా దూకుతోంది. ఇంట్లో అందరి కంటే ఆయనకే ఆ యంత్రం ఎక్కువ అన్యాయం చేసింది. మేము అన్యాయం చేసినవాడు ఆయనేననుకున్నాము.

నాలుగు నుంచి ఇరవై దాకా

వైద్యుడు చెప్పినదంతా నాన్నగారు శ్రద్ధగా విన్నారు. ఇంటికి వచ్చాక ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే, ట్రంకు పెట్టెలోంచి ఆంప్లిఫయరుతో 1984లో వచ్చిన చిన్న పుస్తకాన్ని తీసి, భూతద్దంతో చదువుతున్నారు.

"తల్లీ, ఆ కొత్త ప్లేయరు కాగితం ఎక్కడుంది?"

తెచ్చి ఇచ్చాను. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, రెండు అంకెల కింద పెన్సిలుతో గీతలు గీశారు. పాత పుస్తకంలో: 150 మిల్లీఓల్టులు. కొత్త కాగితంలో: 2 ఓల్టులు.

"ఇదీ సంగతి. ప్లాంటులో ఇలా జరిగితే నా ఉద్యోగం పోయేది" అని నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

తరువాత ఆయన నాకు తన వృత్తిలోని ఒక నియమం చెప్పారు. పరిశ్రమలలోని కొలత పరికరాలను ఏ దేశంలో ఎవరు చేసినా, అవి కొలిచేది వేడి అయినా, పీడనమైనా, సాధారణంగా ఒకే కొలమానంలో కబురు పంపుతాయి: 4 మిల్లీ ఆంపియర్ల నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా. నాలుగంటే కనిష్ఠం, ఇరవై అంటే గరిష్ఠం. సున్నా నుంచి మొదలుపెట్టకపోవడానికి కూడా కారణం వుంది. సున్నా వచ్చిందంటే తీగ తెగిందని వెంటనే తెలుస్తుంది. పంపేవాడి ఇరవై, అందుకునేవాడి ఇరవై ఒకటే కాబట్టి ఎవరిని ఎవరితో కలిపినా పొరపాటు రాదు.

"ఇంట్లో వాడే స్టీరియోలకు అంత ఒప్పందం లేదు. ఈ పాత ఆంప్లిఫయరు 150 మిల్లీఓల్టులు అందితే చాలు, తన శక్తినంతా చూపిస్తుంది. ఆ కొత్త పెట్టె పాట పెద్దదైనప్పుడు 2,000 మిల్లీఓల్టులు పంపుతుంది. గ్లాసెడు నీళ్ళు అడిగినవాడి నోట్లో బిందె గుమ్మరించినట్టు."

రెండువేలను నూట యాభైతో భాగిస్తే పదమూడుకు పైన. కొత్త పెట్టె కావలసిన దానికంటే పదమూడు రెట్లు పంపుతోందన్నమాట. దానికది మంచిదే, దీనికిది మంచిదే. కాని ఒక తరం యంత్రం మరొక తరం యంత్రంతో మాట్లాడుతోంది. మధ్యలో దుబాసీ లేడు.

ఈ తేడా ఎలా వచ్చింది? రికార్డు ప్లేయరు ముల్లు పుట్టించే విద్యుత్తు నాలుగైదు మిల్లీఓల్టులకు మించదు. దానికి ఆంప్లిఫయరులో ప్రత్యేకమైన సాకెట్టు వుంటుంది. నాటి ట్యూనర్లూ కేసెట్ డెక్కులూ కొన్ని వందల మిల్లీఓల్టులు ఇచ్చేవి. ఆంప్లిఫయర్లను వాటికి తగినట్లు చేసేవారు. 1982లో కాంపాక్ట్ డిస్క్ ప్లేయరు మార్కెట్టులోకి వచ్చింది. గరిష్ఠంగా 2 ఓల్టులు ఇవ్వడం దానితో వాడుకలోకి వచ్చి, తరువాతి డిజిటల్ పెట్టెలలో అనేకం అదే దారి పట్టాయి. కొత్త ఆంప్లిఫయర్లు దానికి అలవాటు పడ్డాయి. పాతవి పాతవిగానే వుండిపోయాయి.

నాబ్‌లో మిగిలిన చోటు

పదమూడు రెట్లు ఎక్కువైతే ఏమయింది, నాబ్ తగ్గించుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. సరిపోదు. కారణం డెసిబెల్ అనే కొలతలో వున్నది.

టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరిట 1920ల నాటి టెలిఫోను ఇంజనీర్లు ఏర్పరచిన కొలత అది. మన చెవి ధ్వనిని కూడికలతో కాక రెట్లతో గ్రహిస్తుంది. ధ్వని శక్తి పదిరెట్లైతే డెసిబెల్స్ పది పెరుగుతాయి. చెవికి మాత్రం సుమారు రెండింతలైనట్లు తోస్తుంది. ఓల్టేజి పదిరెట్లైతే శక్తి నూరు రెట్లు. అంటే 20 డెసిబెల్స్. మా పదమూడు రెట్ల తేడా 22 డెసిబెల్స్ పైన.

ఇప్పుడు మా స్పీకర్ల సంగతి. అవి ఒక వాటు అందితే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ధ్వని ఇస్తాయి. ఇంట్లో హాయిగా వినడానికి 70 చాలు. ఆ పద్దెనిమిది తగ్గించడానికి కావలసిన శక్తి ఎంతో తెలుసా? వాటులో అరవయ్యో వంతు! ఆంప్లిఫయరు ఇవ్వగలిగింది పాతిక వాట్లు. అంటే మామూలుగానే మనం నాబ్‌ను చాలా కిందనే వుంచుతాము. దానికి తోడు కొత్త పెట్టె మరో 22 డెసిబెల్స్ అదనంగా తెచ్చి పోస్తే, నాబ్ తిరిగే 300 డిగ్రీలలో మనకు పనికివచ్చేది మొదటి పది, పదిహేను డిగ్రీలు మాత్రమే. సగం తిప్పేలోపే ఆంప్లిఫయరు తన శక్తి అంతా ఖర్చు చేసేస్తుంది. తక్కిన సగం తిరుగుడు గొంతు చించుకుని అరవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ అరుపుకు స్పీకర్లు కాలిపోవడం కూడా కద్దు.

ఇంకొక చిక్కు. నాబ్ వెనుక కుడి స్పీకరుకొకటి, ఎడమ స్పీకరుకొకటి రెండు పొరలు వుంటాయి. తిరుగుడు మొదట్లో ఈ రెండూ సమానంగా పనిచెయ్యవు. అందుకే మా ఇంట్లో మెల్లగా పెడితే పాట ఎడమ స్పీకరులోనే వినపడేది. గాయకుడు మధ్యలో కాక మూలన నిలబడి పాడుతున్నట్లుండేది. నాన్నగారు దీన్ని కూడా తన కుడిచెవి దోషమనే అనుకున్నారట.

ఇదంతా వింటూ వుంటే నాకు నా పని గుర్తుకు వచ్చింది. ఇంగ్లీషులో ఒక మర్యాదస్తుడు "ఐ యామ్ టెరిబ్లీ సారీ" అంటాడు. దాన్ని వున్నదున్నట్లు "భయంకరంగా చింతిస్తున్నాను" అని రాస్తే తెలుగులో పిడుగు పడినట్లుంటుంది. "మన్నించండి" అంటే చాలు. ఆ భాషలో మాటకున్న జోరు వేరు, ఈ భాష అందుకునే తీరు వేరు. ఇరవై ఏళ్ళుగా కాగితం మీద నేను చేస్తున్న ఆ తగ్గింపే ఇక్కడ తీగమీద చెయ్యాలన్నమాట.

ఖర్చులేని చికిత్స ముందు

మీ ఇంట్లో ఇదే బాధ వుంటే, మొదట డబ్బు ఖర్చులేని మార్గాలు చూడండి.

మొదటిది: తీగ సరైన సాకెట్టులోనే వున్నదా? ఆంప్లిఫయరు వెనుక "ఫోనో" అని రాసి వున్న సాకెట్టు రికార్డు ప్లేయరుకు మాత్రమే. అందులో ఇంకేది తగిలించినా ధ్వని నూరు రెట్లు పెరిగి, బొంగురుగా, చీలిపోయి వినపడుతుంది. "ఆక్స్", "ట్యూనర్", "సీడీ", "టేప్" అని రాసి వున్నవాటిలో తగిలించాలి.

రెండవది: పాట పంపే పెట్టెలోనే ధ్వని తగ్గించే వీలున్నదేమో చూడండి. సెల్‌ఫోను, కంప్యూటరు అయితే దాని వాల్యూమ్ కొంత తగ్గించి ఆంప్లిఫయరు నాబ్‌ను పెంచుకోవచ్చు. కొన్ని పెట్టెలలో అవుట్‌పుట్‌ను స్థిరంగా వుంచాలా, మారేటట్లు పెట్టాలా అని అడిగే ఏర్పాటు వుంటుంది. డిజిటల్ పద్ధతిలో ప్రతి 6 డెసిబెల్స్ తగ్గింపుకూ ఒక బిట్ చొప్పున సూక్ష్మత తగ్గుతుంది గాని, 24 బిట్ల పెట్టెలలో ఇరవై డెసిబెల్స్ తగ్గించినా చెవికి తేడా తెలియదు.

మూడవది: ప్రీఆంప్లిఫయరు, పవర్ ఆంప్లిఫయరు వేరువేరుగా వున్నవారు పవర్ ఆంప్లిఫయరు వెనుక "గెయిన్" లేదా "లెవెల్" అనే చిన్న నాబ్ వున్నదేమో చూసి తగ్గించుకోవాలి.

మా ప్లేయరుకు ఈ వీలేదీ లేదు. అది ఎప్పుడూ ఒకే ధాటిగా పంపుతుంది. కనుక మధ్యలో తగ్గించే సాధనం, అంటే అటెన్యుయేటరు, పెట్టవలసి వచ్చింది. రెండు చివరలా ప్లగ్గులతో, పది డెసిబెల్స్, ఇరవై డెసిబెల్స్ తగ్గించేవి సిద్ధంగా దొరుకుతాయి. చేత సోల్డరింగ్ ఐరన్ పట్టడం రానివారు అవి కొనుక్కోవడమే మేలు. కాని ముప్పై ఏడేళ్ళు మెకానిక్‌గా వుండిన మనిషి సిద్ధంగా వున్నది కొంటారా?

నాలుగు రెసిస్టర్లు

మర్నాడు ఆయన నన్ను పవర్ హౌస్ మార్కెట్టుకు పంపారు. చీటీ మీద రాసి ఇచ్చినది ఇది: 9.1 కిలో ఓముల రెసిస్టర్లు రెండు, 1 కిలో ఓము రెసిస్టర్లు రెండు. మెటల్ ఫిల్ము రకం, ఒక శాతానికి మించి తేడా లేనివి. ప్లగ్గులు రెండు, సాకెట్లు రెండు. రెసిస్టర్లన్నీ కలిపి కొద్ది రూపాయలే.

దాని కిటుకు కూడా చెప్పారు. ప్లేయరు నుంచి వచ్చే సిగ్నల్ తీగను 9.1 కిలో ఓముల రెసిస్టరుకు కలపాలి. దాని రెండో కొస ఆంప్లిఫయరులోకి పోతుంది. ఆ రెండో కొస నుంచే 1 కిలో ఓము రెసిస్టరును భూతీగకు, అంటే ప్లగ్గు బయటి వలయానికి, కలపాలి. వచ్చిన ఓల్టేజి ఈ రెండింటి మధ్య వాటి విలువల ప్రకారం పంచుకోబడుతుంది. మొత్తం 10.1లో ఒక వంతు మాత్రమే ఆంప్లిఫయరుకు అందుతుంది. 2 ఓల్టులు సుమారు 200 మిల్లీఓల్టులు అవుతాయి. సరిగ్గా 20 డెసిబెల్స్ తగ్గింపు. కుడికి ఒక జత, ఎడమకు ఒక జత. పన్నెండు డెసిబెల్స్ తగ్గితే చాలుననుకునేవారు 9.1కి బదులు 10 కిలో ఓములు, 1కి బదులు 3.3 కిలో ఓములు వాడవచ్చు.

నాన్నగారి చేతులు కొంచెం వణుకుతాయి. కాబట్టి ఆయన మల్టీమీటరు పట్టుకుని ప్రతి రెసిస్టరునూ కొలిచి ఇస్తే, సోల్డరింగ్ నేను చేశాను. నా జీవితంలో అదే మొదటిసారి. "సీసాన్ని ఐరన్‌కు కాదు తల్లీ, తీగకు తగిలించు. తీగ వేడెక్కితే అదే పాకుతుంది" అని పక్కనుంచి చెబుతూ వచ్చారు. రెండు అతుకులు బాగులేవని విప్పించి మళ్ళీ చేయించారు. సాయంత్రానికి బొటనవేలంత తయారైంది. దాన్ని తీగకు ఆంప్లిఫయరు వైపు కొసలోనే పెట్టాలని ఆయన పట్టుబట్టారు; మధ్యలోని పొడుగాటి తీగలో బలమైన సిగ్నలే నడిస్తే బయటి గురగురలు అంతగా అంటుకోవట.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఇది ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య పెట్టేది మాత్రమే. ఆంప్లిఫయరుకూ స్పీకర్లకూ మధ్య ఎన్నడూ పెట్టరాదు, అక్కడి ప్రవాహానికి ఈ చిన్న రెసిస్టర్లు మాడిపోతాయి. ఇక ఆంప్లిఫయరు మూత విప్పే అవసరమే లేదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ప్రమాదం చెయ్యగలదు. పని అంతా బయటే, కరెంటు ఆపి చెయ్యాలి.

పదిన్నర దగ్గర

ఆ రాత్రి నాన్నగారు తామే దుప్పటి తీసి మడతపెట్టారు. తీగలు కలిపి, నాబ్‌ను సున్నా దగ్గర పెట్టి, స్విచ్చి వేశారు. నేను చేతులు చెవుల దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. ఆయన నాబ్ తిప్పారు. ఏమీ లేదు. ఇంకా తిప్పారు. దూరంగా తంబురా వినిపించింది. మరికొంచెం తిప్పారు. తంబురా దగ్గరకు వచ్చింది. నాబ్ మీది గీతను గడియారపు ముల్లు అనుకుంటే, అది పదిన్నర దగ్గర వుండగా బాలమురళీకృష్ణ సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య కూర్చుని పాడడం మొదలుపెట్టారు.

నాన్నగారు నాబ్‌ను ఇటు కొంచెం, అటు కొంచెం ఎన్నోసార్లు కదిపి చూసుకున్నారు. పదికి కొంచెం కింద ఆయనకు వినపడదు; పదకొండు దాటితే కష్టంగా వుంటుంది. ఆ రెండింటి నడుమ ఆయన చోటు వుంది. ఇంతకు ముందూ అంతే వుండేది. కాని నాబ్ మీద అది ఇప్పుడు వెంట్రుకవాసి కాదు, బొటనవేలితో ఇటూ అటూ నడవగలిగినంత వున్నది.

ఈ రెసిస్టర్లు వినికిడి లోపాన్ని నయం చెయ్యలేవు. వయసు వల్ల వచ్చే లోపంలో ముందుగా పోయేవి హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులు. 'స', 'శ', 'ష' వంటి హల్లులు అందకుండా పోతాయి. అందుకే పాట వినపడుతుంది, సాహిత్యం తెలియదు. దానికి వినికిడి యంత్రం కావాలన్నారు వైద్యులు. ఇంతకాలం నాన్నగారు ససేమిరా అన్నారు. స్టీరియో బాగైన తరువాతి వారం ఆయనే, "ఆ చెవి మిషను సంగతి కనుక్కో తల్లీ. అదీ ఆంప్లిఫయరే గదా, గెయిన్ సరిగా పెట్టించుకుంటే సరి" అన్నారు. యంత్రానికి దిద్దుబాటు వుంటే అది అవమానం కాదని ఆయనకు తెలుసు. తనకు కూడా అదే వర్తిస్తుందని ఆ వారంలో ఒప్పుకున్నారనుకుంటాను.

వినికిడి బాగా వున్నవారు కూడా నాబ్‌ను అదుపులో పెట్టుకోవడం మంచిది. వారానికి 40 గంటల లోపు, సగటున 80 డెసిబెల్స్ మించకుండా వినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ధ్వని ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ వినదగిన వ్యవధి సగమవుతుంది. ఇరుగుపొరుగుల మాట సరేసరి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా 45 డెసిబెల్స్ పరిమితి. వెంట్రుకవాసికి దూకే నాబ్‌తో ఏ పరిమితినీ పాటించలేము.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రివేళల్లో మళ్ళీ పాట వినిపిస్తోంది. పక్కింటి పాప నిద్ర లేవడం లేదు. మొన్న ఒక సాయంత్రం నాన్నగారు సుబ్బులక్ష్మి పాట పెట్టుకుని, అలవాటైన భయంతో నాబ్‌ను పదికి కిందనే ఆపి, తలవంచి వింటున్నారు. వంటింట్లోంచి అమ్మ కేక వేసింది:

"ఏమండీ, నాకు వినపడడం లేదు. ఇంకాస్త పెంచండి."